మైలోమా పేషెంటు రిపోర్టులో అతకని అంకె కనిపిస్తే ఏం చేయాలి

నేను డాక్టర్నే గానీ మందులు రాసే డాక్టర్ని కాను. రాజమండ్రిలో ఒక ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ చూస్తాను. సాయంత్రం రిపోర్టులు వాట్సాప్‌లో వెళ్లడం మొదలయ్యాక మాకు ఫోన్లు మొదలవుతాయి. అంకె పక్కన హెచ్ అనో ఎల్ అనో నల్లగా దిట్టంగా అచ్చయి ఉంటే ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. వాటిలో చాలా ఫోన్లకి "రేపు డాక్టరు గారికి చూపించండి" అంటే సరిపోతుంది. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ ఉన్నవాళ్ల ఇంటి నుంచి, దానికి దగ్గరి చుట్టమైన వాల్డెన్‌స్ట్రామ్ ఉన్నవాళ్ల ఇంటి నుంచి వచ్చే ఫోన్లకి మాత్రం అది సరిపోదు. వాళ్ల రక్తంలో మా మెషీన్లు ఊహించని సరుకు ఒకటి ఉంటుంది. దానివల్ల కొన్ని అంకెలు అబద్ధం చెబుతాయి. మందులు మారేది, సెలైన్లు ఎక్కేది, కీమో వాయిదా పడేది ఆ అంకెలు చూసే కాబట్టి, వాటిని ఎలా పట్టుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ఫైలు మోసేవాళ్ల కోసం రాస్తున్నాను. ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి పనికొచ్చే ముక్కలు కూడా మధ్యలో దొర్లుతాయి.

ఎముక మజ్జలో ప్లాస్మా కణాలని ఉంటాయి. యాంటీబాడీలు తయారుచేయడం వాటి పని. మామూలు మనిషిలో లక్ష రకాల కణాలు తలా కాస్త రకరకాల యాంటీబాడీలు తీస్తాయి. మైలోమాలో ఒకే కణం పిల్లలు పెట్టి పెట్టి, అంతా కలిసి ఒకే రకం యాంటీబాడీని గుట్టలుగా పోస్తాయి. దాన్నే ఎమ్ ప్రోటీన్ అంటాం, పారాప్రోటీన్ అని కూడా అంటాం. రక్తంలో మొత్తం ప్రోటీను డెసిలీటరుకి 6 నుంచి 8 గ్రాములు ఉండాల్సింది, వీళ్లలో కొందరికి 11, 13 దాకా పోతుంది.

ఇంత ప్రోటీను మెషీన్‌ని మూడు దారుల్లో తప్పుదోవ పట్టిస్తుంది. ఒకటి, చోటు ఆక్రమిస్తుంది. రెండు, పరీక్షకి వాడే రసాయనం తగలగానే తెల్లగా విరిగి మడ్డి అవుతుంది. మెషీన్ చూసేది రంగుని, వెలుతురుని కాబట్టి ఆ మడ్డిని కూడా రంగు కింద జమ కట్టేస్తుంది. మూడు, దేన్నో ఒకదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. కాల్షియం కావచ్చు, కిట్‌లో మేం వాడే యాంటీబాడీ కావచ్చు.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. అంకె తేడాగా ఉందనగానే అందరూ అనే మాట "ఇంకోసారి చేయించండి" అని. ఈ జబ్బులో అదే మెషీన్ మీద, అదే పద్ధతిలో ఇంకోసారి చేస్తే అదే తప్పు అంకె వస్తుంది. పదిసార్లు చేసినా అదే. రెండుసార్లు ఒకే అంకె వచ్చేసరికి "అయితే నిజమే" అని అందరూ నమ్మేస్తారు. కావాల్సింది ఇంకోసారి కాదు, ఇంకో పద్ధతి.

ముందు ఇంటి దగ్గర చేయాల్సిన పని

ఫైల్లో వెతికి ఈ నాలుగు వివరాలు ఒక కాగితం మీద రాసి పైన పిన్ను కొట్టండి: ప్రోటీను రకం (ఐజీజీ, ఐజీఏ, ఐజీఎమ్ లేదా ఉత్త లైట్ చైన్, అంటే యాంటీబాడీలోని చిన్న ముక్క మాత్రమే), దాని లైట్ చైన్ కప్పానా లాంబ్డానా, చివరిసారి చేసిన ఎలక్ట్రోఫోరెసిస్‌లో (ప్రోటీన్లని కరెంటుతో విడదీసి చూసే పరీక్ష) ఎమ్ బ్యాండ్ ఎన్ని గ్రాములు, చివరి టోటల్ ప్రోటీన్ ఎంత. మొదటి రెండూ ఆ ప్రోటీను ఏ రకమో తేల్చే ఇమ్యునోఫిక్సేషన్ రిపోర్టులో ఉంటాయి. నాలుగోది ఎల్‌ఎఫ్‌టీలో ఉంటుంది. ఎల్‌ఎఫ్‌టీ అంటే లివర్ అనుకుని ఆ కాగితాన్ని పక్కన పడేస్తారు గానీ, ఈ జబ్బులో మనకి కావాల్సిన గుట్టు అక్కడే ఉంది. టోటల్ ప్రోటీన్‌లోంచి ఆల్బుమిన్ తీసేస్తే మిగిలేది గ్లోబులిన్. అది 4 దాటిందంటే ఎమ్ ప్రోటీన్ బాగా ఉండొచ్చు, మిగతా అంకెల మీద ఒక కన్నేసి ఉంచాలి. (లివర్ జబ్బులోనూ, దీర్ఘకాలం ఇన్ఫెక్షన్ ఉన్నా గ్లోబులిన్ పెరుగుతుంది. అందుకని ఒట్టి గ్లోబులిన్ చూసి పక్కింటాయనకి మైలోమా అంటగట్టకండి.)

కీమోకి ప్రోటీను దిగిపోయి 7 దగ్గరికి వచ్చిందనుకోండి, కింద చెప్పబోయే గొడవల్లో చాలావరకు వాటంతటవే పోతాయి. మళ్లీ పెరిగితే మళ్లీ వస్తాయి. అందుకే ఆ కాగితం మీద తారీఖు కూడా వేయండి.

ఇంకో మాట. ఒకే రకం, ఒకే గ్రాములు ఉన్న ఇద్దరు పేషెంట్లలో ఒకరి ప్రోటీను ఫాస్ఫరస్ టెస్టుని పాడుచేస్తుంది, రెండోవారిది చేయదు. ప్రతి మనిషి ప్రోటీనూ దేనికది వేరు. పక్క బెడ్ వాళ్లకి ఏమైందో చూసి మీ అంకె గురించి తేల్చుకోలేరు.

సోడియం తక్కువ అని వస్తే

నాకు ఎక్కువ ఫోన్లు దీని గురించే. రావులపాలెం నుంచి ఒకమ్మాయి చేసింది. "మేడమ్ గారూ, నాన్నకి సోడియం 130 అంట. ఇక్కడి డాక్టరు గారు నీళ్లు తగ్గించి, ఉప్పు పెంచమన్నారు. క్యాన్సర్ డాక్టరు గారేమో మూడు లీటర్లు తాగించమన్నారు. ఎవరి మాట వినాలండీ?"

టోటల్ ప్రోటీన్ ఎంతుందో చూడమన్నాను. 13.4. నాన్న ఎలా ఉన్నారని అడిగాను. పొద్దున్నే పేపరు మొత్తం చదివేసి, ఇడ్లీలో చట్నీ చప్పగా ఉందని గొడవ పెట్టారట. మత్తు లేదు, తలనొప్పి లేదు, వాంతి లేదు.

ఇక్కడ జరిగేది ఇది. సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేరే ద్రవంలో, మామూలుగా 93 శాతం నీరు, మిగతాది ప్రోటీన్లు, కొవ్వులు. సోడియం ఉండేది ఆ నీటిలోనే. నిండు బిందెలో సగం దాకా గులకరాళ్లు పోస్తే బిందె నిండుగానే కనిపిస్తుంది, నీళ్లు మాత్రం తక్కువుంటాయి. ఆ నీళ్ల ఉప్పదనం ఏమీ మారదు. పెద్ద ల్యాబుల్లోని పెద్ద ఎనలైజర్లు "ఒక బిందె" సీరం తీసుకుని, అందులో నీరు 93 శాతమే అనుకుని, పలచన చేసి కొలుస్తాయి. ప్రోటీను 13 దాటినప్పుడు నీరు 90 లోపుకి పడిపోతుంది. మెషీన్‌కి ఆ సంగతి తెలియదు. దాంతో 136 ఉన్న సోడియం 130గా అచ్చవుతుంది. ఇలా పలచన చేసి ఎలక్ట్రోడుతో కొలవడాన్ని ఇన్‌డైరెక్ట్ ఐఎస్‌ఈ పద్ధతి అంటారు.

పలచన చేయకుండా నేరుగా కొలిచే పద్ధతి డైరెక్ట్ ఐఎస్‌ఈ. ఐసీయూలో ఏబీజీ (రక్తంలోని వాయువుల పరీక్ష) చేసే మెషీన్ ఇలాగే కొలుస్తుంది. ఇక్కడో తమాషా ఉంది. ఊళ్లలోని చిన్న ల్యాబుల్లో ఎలక్ట్రోలైట్లకి మాత్రమే వాడే చిన్న పెట్టెలాంటి ఎనలైజర్లు ఉంటాయి చూడండి, అవి కూడా చాలావరకు డైరెక్ట్ పద్ధతివే. అంటే ఈ ఒక్క టెస్టు విషయంలో మీ వీధి చివరి ల్యాబ్ నిజం చెప్పి, హైదరాబాద్ పంపిన శాంపిల్ అబద్ధం చెప్పొచ్చు. "పెద్ద ల్యాబ్ కదా, అదే కరెక్ట్" అనుకునేవాళ్లకి ఇది మింగుడుపడదు. నేను పనిచేసేదీ పెద్ద ఎనలైజర్ మీదే, అయినా చెబుతున్నాను.

కాబట్టి మీరు అడగాల్సింది: "సోడియం డైరెక్ట్ ఐఎస్‌ఈలోగానీ ఏబీజీ మెషీన్‌లోగానీ చేస్తారా?" ఆ సదుపాయం లేకపోతే సీరం ఆస్మొలాలిటీ, అంటే నీటిలో కరిగిన వాటన్నిటి మొత్తం గాఢత, చేయమనండి. అది 275 నుంచి 295 మధ్య ఉండాలి. లెక్క మీరు కూడా వేసుకోవచ్చు: సోడియం రెండింతలు, దానికి షుగర్‌ని 18తో భాగించింది, యూరియాని 6తో భాగించింది కలపాలి. సోడియం 130, షుగర్ 100, యూరియా 30 అయితే లెక్క ప్రకారం 271 వస్తుంది. మెషీన్ మీద నేరుగా కొలిచిన ఆస్మొలాలిటీ 283 వచ్చిందనుకోండి, లెక్కకి అందని ఆ 12 ఎక్కడిది? సోడియం అంకె తప్పు కాబట్టి వచ్చింది.

ఆ పెద్దాయనకి ఏబీజీ మెషీన్‌లో 136 వచ్చింది. నీళ్లు తగ్గించమన్న డాక్టరు గారిది తప్పని నేననను. 130 చూస్తే ఎవరైనా అదే చెబుతారు. కానీ మైలోమాలో నీళ్లు తగ్గించడం చాలా ప్రమాదం. లైట్ చైన్లు మూత్రనాళికల్లో గట్టిపడి కిడ్నీని మూసేస్తాయి. గుండె, కిడ్నీ ఒప్పుకున్నంత వరకు ఎక్కువ నీళ్లు తాగమనడం అందుకే. లేని సోడియం లోటుకి వైద్యం చేయబోయి ఉన్న కిడ్నీని పోగొట్టుకోవడం అవుతుంది.

నిజంగా సోడియం పడిపోవడం కూడా ఈ పేషెంట్లలో ఉంటుంది. వాంతులు, విరేచనాలు, సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులు, ఏదైనా కారణం కావచ్చు. మనిషి మత్తుగా ఉన్నా, తికమకగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. పద్ధతి ఏమిటన్నది అక్కడికి చేరాక చూసుకోవచ్చు.

ఫాస్ఫరస్ ఆకాశానికి పోతే

ఇది నాకు ఇష్టమైన కేసు, ఎందుకంటే రిపోర్టు తనంతట తనే దొరికిపోతుంది. ఫాస్ఫరస్ 2.5 నుంచి 4.5 ఉండాలి. 9.8 వచ్చింది. అంత ఫాస్ఫరస్ పేరుకోవాలంటే కిడ్నీ బాగా దెబ్బతిని ఉండాలి. క్రియాటినిన్ చూస్తే 1.0. కాల్షియం పడిపోయి ఉండాలి, అదీ మామూలుగానే ఉంది. కీమో మొదలైన కొత్తలో కణాలు ఒక్కసారిగా చచ్చి ఫాస్ఫరస్ పెరగడం ఉంది గానీ, అప్పుడు పొటాషియం, యూరిక్ యాసిడ్, ఎల్‌డీహెచ్ కూడా కదలాలి. ఏదీ కదల్లేదు. ఒక్క ఫాస్ఫరస్ మాత్రం మిన్నంటింది.

ఫాస్ఫరస్ టెస్టులో మాలిబ్డేట్ అనే రసాయనాన్ని యాసిడ్‌లో కలిపి, 340 నానోమీటర్ల కాంతిలో చూస్తాం. ఆ యాసిడ్‌కి ఎమ్ ప్రోటీన్ విరిగి మబ్బుగా అవుతుంది. మెషీన్ ఆ మబ్బుని ఫాస్ఫరస్ అనుకుంటుంది. ల్యాబ్ పిల్లలకి: రియాక్షన్ కర్వ్ తెరిచి చూడండి. మామూలు శాంపిల్ కర్వ్ ఎక్కి ఒక చోట నిలబడుతుంది, ఇది ఎగుడుదిగుడుగా పోతుంది. ఐదింతలు పలచన చేసి నడపండి, లేదా సల్ఫోసాలిసిలిక్ యాసిడ్‌తో ప్రోటీను దించేసి, పై తేట తీసుకుని నడపండి. 9.8 కాస్తా మూడున్నరకి దిగొస్తే సంగతి తేలిపోయినట్టే.

ఈ టెస్టులో చిన్న ల్యాబ్, పెద్ద ల్యాబ్ తేడా లేదు. ఇద్దరం దాదాపు ఒకే రసాయనం వాడతాం. అందుకని ఊరు మారిస్తే ప్రయోజనం లేదు, "ప్రోటీను తీసేసి చేయండి" అని అడగాలి.

అడక్కపోతే ఏమవుతుంది? ఫాస్ఫరస్ తగ్గించే సెవెలమర్ బిళ్లలు రాస్తారు. పాలు, పెరుగు, పప్పు, గుడ్డు మానేయమంటారు. అసలే కీమోలో నోరు పాడై ముద్ద దిగని మనిషికి పెరుగన్నం కూడా బంద్. అంకె మాత్రం దిగదు, ఎందుకంటే అది ఫాస్ఫరస్ కాదు కదా. బిళ్లలు ఇంకో రెండు పెరుగుతాయి.

కాల్షియం విషయంలో మాత్రం కొట్టిపారేయకండి

పైవి చదివి "అంతా మెషీన్ తప్పే" అనుకునే ప్రమాదం ఉంది. కాల్షియం దగ్గర అలా అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మైలోమా ఎముకల్ని తినేస్తుంది, ఆ కాల్షియం రక్తంలోకి నిజంగానే వస్తుంది. జబ్బుని గుర్తుపట్టే నాలుగు లక్షణాల్లో అది ఒకటి. మిగతా మూడూ కిడ్నీ దెబ్బతినడం, రక్తహీనత, ఎముకల్లో చిల్లులు. కాబట్టి కాల్షియం ఎక్కువ వస్తే ముందు నిజమనే అనుకోండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, మగత ఉన్నాయంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

అరుదుగా కొందరి ఎమ్ ప్రోటీన్ కాల్షియాన్ని పట్టుకుని తిరుగుతుంది. అప్పుడు టోటల్ కాల్షియం 13 ఉన్నా మనిషి హాయిగా ఉంటాడు, ఈసీజీ మామూలుగా ఉంటుంది. ఒంట్లో పనిచేసేది పట్టుబడని కాల్షియమే. దాన్ని అయనైజ్డ్ కాల్షియం అంటారు, ఏబీజీ మెషీన్ మీదే వస్తుంది. లీటరుకి 1.1 నుంచి 1.3 మిల్లీమోల్స్ ఉంటే కంగారు లేదు. దీనికి తిరకాసు కూడా ఉంది. ఈ రోగుల్లో ఆల్బుమిన్ తరచూ తక్కువ ఉంటుంది. అప్పుడు టోటల్ కాల్షియం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ అయనైజ్డ్ పెరిగి ఉంటుంది. అంటే టోటల్ అంకె రెండు వైపులా మోసం చేయగలదు. నన్నడిగితే మైలోమా పేషెంటుకి కాల్షియం మీద ఏ చిన్న అనుమానం వచ్చినా అయనైజ్డ్ చేయించడమే మేలు. శాంపిల్ హెపారిన్ ఉన్న సిరంజిలో, గాలి బుడగ లేకుండా తీయాలి, వెంటనే మెషీన్ దగ్గరికి చేరాలి. ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లే కుర్రాడి చేత ఈ టెస్టు చేయించకండి. దారిలో పాడైపోతుంది.

మిగతా చిల్లర తేడాలు

బిలిరుబిన్: డైరెక్ట్ అంకె టోటల్ కంటే ఎక్కువ వస్తే అది లెక్కల్లోనే తప్పు. భాగం మొత్తాన్ని మించదు. కళ్లు తెల్లగా ఉండి, సీరం పచ్చగా లేకుండా బిలిరుబిన్ మాత్రం 6 అని వస్తే పచ్చకామెర్ల మందుకని పరిగెత్తకండి, ల్యాబ్‌కి ఫోన్ చేయండి. హెచ్‌డీఎల్ కొలెస్టరాల్ ఉన్నట్టుండి 5 అనో, అసలు లేదనో వస్తే అదీ ఇలాంటిదే. ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ కూడా తప్పు రావచ్చు, పైకీ కిందికీ. జ్వరం ఉన్న మనిషికి సీఆర్‌పీ తక్కువగా వచ్చిందని నిబ్బరంగా కూర్చోవద్దు.

ఈఎస్‌ఆర్ 100 దాటడం గురించి అడుగుతారు. అది అబద్ధం కాదు. ప్రోటీను వల్ల ఎర్రకణాలు దొంతరలు కట్టి తొందరగా కిందికి దిగుతాయి. ఈ జబ్బులో అది ఉండేదే. ప్రతిసారీ చేయించి డబ్బులు తగలేయకండి.

సీబీసీ, ఏసీ గది

ఐజీఎమ్ రకం ఉన్న కొందరిలోనూ, క్రయోగ్లోబులిన్ అనేది ఉన్నవాళ్లలోనూ ప్రోటీను చలికి గడ్డకడుతుంది. ల్యాబ్ ఏసీ గదిలో శాంపిల్ కాసేపు ఉండేసరికి చిన్న చిన్న ముద్దలవుతాయి. కౌంటర్ వాటిని ప్లేట్‌లెట్లుగానో, తెల్లకణాలుగానో లెక్కపెట్టేస్తుంది. ఇక్కడ ప్రమాదం ఏమిటంటే నిజంగా పడిపోయిన ప్లేట్‌లెట్లు బాగున్నట్టు కనిపిస్తాయి. వాటిని చూసే కదా కీమో ఇవ్వాలా ఆపాలా అని తేల్చేది. కిందటి వారం కంటే కౌంటు ఏ కారణం లేకుండా ఎగిరితే శాంపిల్‌ని 37 డిగ్రీల వాటర్ బాత్‌లో వెచ్చచేసి మళ్లీ నడపమనండి, స్లైడ్ మీద కంటితో కూడా చూడమనండి.

హీమోగ్లోబిన్ కూడా ఫాస్ఫరస్ లాగే మడ్డి వల్ల ఎక్కువగా కనిపించొచ్చు. ఇంటి దగ్గరే పట్టుకునే కిటుకు ఉంది: హీమోగ్లోబిన్‌ని మూడుతో గుణిస్తే రమారమి పీసీవీ (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం) రావాలి. హీమోగ్లోబిన్ 11.2, పీసీవీ 27 అని ఉందనుకోండి, అతకదు. అదే కాగితంలో ఎంసీహెచ్‌సీ 41 అని కూడా కనిపిస్తుంది. ఎర్రకణంలో అంత హీమోగ్లోబిన్ పట్టదు. అసలు హీమోగ్లోబిన్ 9 దగ్గర ఉండి ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం ఎందుకొస్తోందో అప్పుడు అర్థమవుతుంది.

రక్తం ఎక్కించాల్సి వస్తే

ఇది ప్రోటీను తప్పు, మందు తప్పు రెండూ కలిసిన చోటు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

బ్లడ్ గ్రూపు చూసేటప్పుడు కణాలు ముద్ద కడితే ఒక అర్థం, కట్టకపోతే ఒక అర్థం. ఎమ్ ప్రోటీన్ వల్ల కట్టే దొంతరలు ముద్దల్లాగే కనిపిస్తాయి. అనుభవం ఉన్న టెక్నీషియన్ సీరం తీసేసి సెలైన్ పోసి చూస్తాడు. దొంతరలు విడిపోతాయి, నిజమైన ముద్దలు విడిపోవు. చిన్నప్పటి నుంచి ఓ పాజిటివ్ అనుకున్న మనిషికి గ్రూపు "తేలట్లేదు" అన్నారంటే ఇదే కారణం కావచ్చు. భయపడాల్సిన పని లేదు.

అసలు చిక్కు డారాటుముమాబ్ ఇంజెక్షన్‌తో వస్తుంది. ఆసుపత్రిలో అందరూ దాన్ని డారా అంటారు. అది కూడా యాంటీబాడీయే. మైలోమా కణం మీదున్న సీడీ38 అనే గుర్తుని పట్టుకుంటుంది. ఆ గుర్తు ఎర్రకణాల మీద కూడా లేశమాత్రం ఉంటుంది. దాంతో దాత రక్తం పేషెంటుకి సరిపడుతుందా అని చూసే క్రాస్‌మ్యాచ్‌లో, యాంటీబాడీ స్క్రీనింగ్‌లో ఏ దాత రక్తం పెట్టినా "కలవలేదు" అని వస్తుంది. ఆఖరి డోసు తర్వాత 6 నెలల దాకా కూడా ఇలా రావచ్చు. ఐసాటుక్సిమాబ్ కూడా సీడీ38నే పట్టుకునే మందు, దానికీ ఇదే జాగ్రత్త.

కాబట్టి డారా రాశారనగానే, మొదటి డోసు ఎక్కకముందే బ్లడ్ బ్యాంకుకి వెళ్లి గ్రూపు, యాంటీబాడీ స్క్రీనింగ్, ఎర్రకణాల ఫినోటైపు (కణాల మీద ఏ ఏ గుర్తులున్నాయో చూడడం) చేయించి కాగితం దాచుకోండి. అప్పటికి మూడు నెలల్లోపు రక్తం ఎక్కించుకుని ఉంటే ఆ సంగతి చెప్పండి. ఒంట్లో వేరేవాళ్ల కణాలు కలిసి ఉంటే ఫినోటైపు సరిగా రాదు, జీనోటైపు, అంటే ఆ గుర్తుల్ని జీన్లలో చూడడం, చేయాల్సి ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడు రక్తం అవసరమైనా, రిక్వెస్ట్ ఫారం మీద "డారా మీద ఉన్నారు, ఆఖరి డోసు ఫలానా తారీఖు" అని మీ చేత్తో రాయండి. అది తెలిస్తే బ్లడ్ బ్యాంకు వాళ్లు కణాలని డీటీటీ అనే రసాయనంతో కడిగి పరీక్ష చేస్తారు. ఆ కడుగుడులో కెల్ అనే యాంటిజెన్ కూడా చెరిగిపోతుంది కాబట్టి కెల్ నెగటివ్ రక్తం ఇస్తారు. మన దగ్గర దాతల్లో ఎక్కువమంది కెల్ నెగటివే, దొరకడం కష్టం కాదు. ఏబీఓ, ఆర్‌హెచ్ గ్రూపుని డారా పాడుచేయదు.

ఇవేమీ చెప్పకుండా రాత్రి పదకొండింటికి శాంపిల్ పంపితే, డ్యూటీలో ఉన్న కుర్రాడు తెల్లారేదాకా బ్యాగులు మార్చి మార్చి చూస్తూ ఉంటాడు.

మూత్రం టెస్టు

పైవాటిలో చాలావరకు లేనిది ఉన్నట్టు చూపే తప్పులు. ఇది ఉన్నది లేనట్టు చూపే తప్పు. మూత్రంలో ముంచే రంగు పుల్ల ప్రధానంగా ఆల్బుమిన్‌ని పడుతుంది, లైట్ చైన్లని పట్టదు. రోజుకి గ్రాముల కొద్దీ ప్రోటీను పోతున్నా పుల్ల మీద "నిల్" వస్తుంది. 24 గంటల మూత్రంలో ప్రోటీను, మూత్రం ఎలక్ట్రోఫోరెసిస్ చేయిస్తేనే బయటపడుతుంది. 1845లో లండన్‌లో ఒక కిరాణా వ్యాపారి మూత్రాన్ని హెన్రీ బెన్స్ జోన్స్ అనే డాక్టరు దగ్గరికి పంపారు. వేడిచేస్తే విరగడం, మరిగిస్తే మళ్లీ కరిగిపోవడం చూసి ఆయన అది వింత ప్రోటీను అని గుర్తుపట్టాడు. ఇప్పటికీ దానికి ఆయన పేరే. పుల్ల చూడలేనిదాన్ని ఆయన పొయ్యి మీద పట్టాడు.

ఉత్త లైట్ చైన్ రకం వాళ్లకి టోటల్ ప్రోటీన్ మామూలుగానే, ఒక్కోసారి తక్కువగానే ఉంటుంది. సోడియం, ఫాస్ఫరస్ గొడవలు వీళ్లకి తక్కువ, మూత్రం సంగతి మాత్రం వీళ్లకే ముఖ్యం.

ల్యాబ్‌లో ఏం మాట్లాడాలి

కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకోకండి. "మీ రిపోర్టు తప్పు" అనగానే అవతలి మనిషి బిగుసుకుపోతాడు, అదే మెషీన్‌లో మళ్లీ నడిపి అదే అంకె చేతిలో పెడతాడు. ల్యాబ్ డాక్టరు గారితో గానీ సీనియర్ టెక్నీషియన్‌తో గానీ మాట్లాడతామని అడగండి. ఇలా చెప్పండి: "మా నాన్నగారికి ఐజీజీ కప్పా మైలోమా అండీ. టోటల్ ప్రోటీన్ 13 ఉంది. ఫాస్ఫరస్ 9.8 వచ్చింది, క్రియాటినిన్ బాగానే ఉంది. పారాప్రోటీన్ ఇంటర్‌ఫియరెన్స్ ఏమోనని అనుమానం. డైల్యూట్ చేసిగానీ వేరే పద్ధతిలోగానీ చూస్తారా?" ఈ నాలుగు మాటలు వింటే ఏ ల్యాబ్ వాడైనా కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. ఇంకా మంచిది, రక్తం ఇచ్చేటప్పుడే స్లిప్పు మీద "మైలోమా, పారాప్రోటీన్" అని రాయించడం. మాకు చాలా స్లిప్పుల మీద వయసు, పేరు తప్ప ఇంకేమీ ఉండదు.

తేలిన సంగతిని రిపోర్టు కింద రిమార్కుగా అచ్చువేసి ఇమ్మనండి. నోటితో చెప్పిన మాట డాక్టరు గారి టేబుల్ దాకా చేరదు. చేరాక కూడా మందు ఆపడం, మార్చడం ఆయన పని. ఇది చదివి మీరే బిళ్లలు మానేయకండి.

ముక్కులోంచి, చిగుళ్లలోంచి రక్తం, చూపు మసకబారడం, తల బరువు కలిసి వస్తే రక్తం చిక్కబడిందేమో చూడాలి, ఐజీఎమ్ వాళ్లలో ఇది ఎక్కువ. అప్పుడు అంకెల లెక్క కాదు, ఆసుపత్రి.

జబ్బు తగ్గిందా లేదా చూసే టెస్టుల్లో

ఫ్రీ లైట్ చైన్ టెస్టుకి ఒక చెడ్డ గుణం ఉంది. కొలవాల్సింది మరీ ఎక్కువైతే కిట్‌లోని యాంటీబాడీ చాలక అంకె తక్కువగా వస్తుంది. మనిషి నీరసపడుతున్నాడు, క్రియాటినిన్ పెరుగుతోంది, లైట్ చైన్ మాత్రం సగానికి దిగింది అంటే సంబరపడకండి, ఇంకా పలచన చేసి చూడమనండి.

డారా మీద ఉన్నవాళ్లకి ఇంకోటి. ఆ మందు కూడా ఐజీజీ కప్పా రకమే కాబట్టి ఇమ్యునోఫిక్సేషన్‌లో సన్నని గీతగా కనిపించొచ్చు. జబ్బు పూర్తిగా పోయినా "ఇంకా లేశం ఉంది" అని రిపోర్టు వస్తుంది. మందు గీతని పక్కకి జరిపి చూసే ప్రత్యేక పరీక్ష ఉంది. కానీ ల్యాబ్‌కి మందు సంగతి తెలిస్తేనే కదా, కాబట్టి ఆ స్లిప్పు మీద కూడా డారా అని రాయాలి.

ఈ రెండు టెస్టులూ మొదటి నుంచి చివరిదాకా ఒకే ల్యాబ్‌లో చేయించండి. లైట్ చైన్ కిట్లు కంపెనీకో రకం అంకె ఇస్తాయి. ఆఫర్ ఉందని నెల మధ్యలో ల్యాబ్ మారిస్తే, 300 నుంచి 180కి దిగింది జబ్బా, కిట్టా అన్నది ఎవరూ చెప్పలేరు. తప్పనిసరై మారాల్సి వస్తే, ఒకే రోజు తీసిన రక్తాన్ని రెండు చోట్లా ఇచ్చి రెండు అంకెలూ ఆ పిన్ను కొట్టిన కాగితం మీద పక్కపక్కనే రాసుకోండి.